ఉమ్మడి ఛాసిస్‌లో మాడ్యులర్ స్విచ్: కార్డులు, కరెంటు, ఫ్యాన్లపై తరచుగా అడిగే ప్రశ్నలు

హైటెక్ సిటీ, గచ్చిబౌలి, నానక్‌రాంగూడ భవనాల్లో ఒకే స్విచ్ ఛాసిస్‌ను (కార్డులు గుచ్చే స్లాట్లున్న పెద్ద పెట్టెను) ఇద్దరు ముగ్గురు అద్దెదార్లు పంచుకునే చోట, చేతిలో స్క్రూడ్రైవర్ పట్టుకుని ర్యాక్ ముందు నిలబడే వాళ్ల కోసం ఈ జవాబులు. ఉదాహరణలు ఎక్కువగా సిస్కో నెక్సస్, క్యాటలిస్ట్ వరుసల నుంచి తీసుకున్నాం. వేరే కంపెనీ పెట్టె అయితే కమాండ్ మారుతుంది గానీ పని వరుస పెద్దగా మారదు.

ఛాసిస్‌లో ఏది అందరిది, ఏది ఒక్కరిది?

పోర్టు ఒక్కరిది. లైన్ కార్డు (పోర్టులుండే కార్డు) ఒక్కరిది కావచ్చు, నలుగురిదీ కావచ్చు. అంతకు మించినదంతా ఉమ్మడి సొత్తే: మిడ్‌ప్లేన్ (ఉన్న మోడళ్లలో, కార్డులన్నీ గుచ్చుకునే మధ్య బోర్డు), పవర్ సప్లైలు, ఫ్యాన్ ట్రేలు, ఫ్యాబ్రిక్ మాడ్యూళ్లు (కార్డుల మధ్య డేటా మోసేవి), సూపర్‌వైజర్ (స్విచ్‌ను నడిపించే కార్డు). వీటిలో దేన్ని ముట్టుకున్నా ఛాసిస్‌లో ఉన్న ప్రతి అద్దెదారుకూ ముందుగా చెప్పాలి. "నా కార్డే కదా లాగుతున్నాను" అనుకున్నప్పుడు కూడా ఆ కార్డు మీద ఇంకెవరి పోర్టులైనా ఉన్నాయేమో చూడకుండా చెయ్యి పెట్టకూడదు.

అందుకే ముందు చెయ్యాల్సింది ఒక స్లాట్ పట్టిక. స్లాట్ నంబరు, కార్డు పార్ట్ నంబరు, సీరియల్ నంబరు, ఆ కార్డు మీద ఎవరెవరి పోర్టులున్నాయి, రాత్రి పూట ఎవరికి ఫోన్ చెయ్యాలి. "షో ఇన్వెంటరీ", "షో మాడ్యూల్" కమాండ్లతో మొదటి మూడూ వచ్చేస్తాయి. మిగతా రెండూ మనుషుల్ని అడిగి రాసుకోవాల్సిందే. దాన్ని ముద్రించి ర్యాక్ తలుపు లోపలి వైపు అతికించండి. నెట్‌వర్క్ పడిపోయినప్పుడు ఆన్‌లైన్ షీటు తెరుచుకోదు.

స్విచ్ నడుస్తుండగా లైన్ కార్డు లాగొచ్చా?

లాగొచ్చు. దీన్ని ఓఐఆర్ (ఆన్‌లైన్ ఇన్సర్షన్ అండ్ రిమూవల్) అంటారు. కనెక్టర్‌లో పిన్నులన్నీ ఒకే పొడవుండవు. కార్డు లోపలికి వెళ్లేటప్పుడు గ్రౌండ్ పిన్ను ముందు తగులుతుంది, తర్వాత కరెంటు, ఆ తర్వాత సిగ్నళ్లు. కాబట్టి కార్డును ఆపకుండా, ఒకే నిదానంతో తోయాలి. సగంలో ఆగి, వెనక్కి లాగి, మళ్లీ తోస్తే ఆ వరుస చెడిపోతుంది. పాత క్యాటలిస్ట్ 6500లో ఇంకో చిక్కుంది. ఉమ్మడి బస్ (కార్డులన్నీ డేటా పంపే ఒకే దారి) వాడే కార్డులుంటే, ఏ కార్డు పెట్టినా తీసినా ఆ కొద్ది క్షణాలు బస్ మొత్తం ఆగుతుంది. కార్డు నెమ్మదిగా, తటపటాయిస్తూ తోసేకొద్దీ ఆ ఆగడం పెరుగుతుంది.

పని ఈ వరుసలో చెయ్యండి:

1. "షో మాడ్యూల్", "షో ఎన్విరాన్‌మెంట్", "షో ఇంటర్‌ఫేస్ స్టేటస్" ఫలితాలు ఫైల్‌లో దాచుకోండి. పని అయ్యాక పోల్చి చూడటానికి వేరే ఆధారం ఉండదు.
2. కాన్ఫిగరేషన్ సేవ్ చెయ్యండి. వీడీసీలు (ఒకే స్విచ్‌ను సాఫ్ట్‌వేర్‌తో విడదీసిన భాగాలు) ఉంటే "కాపీ రన్నింగ్ కాన్ఫిగ్ స్టార్టప్ కాన్ఫిగ్ వీడీసీ ఆల్" అని ఇవ్వాలి. చివరి రెండు మాటలు వదిలేస్తే మీరున్న వీడీసీ ఒక్కటే సేవ్ అవుతుంది.
3. నెక్సస్ అయితే "లొకేటర్ ఎల్‌ఈడీ మాడ్యూల్ 4" ఇచ్చి, ర్యాక్ దగ్గర మనిషి చేత వెలుగుతున్న కార్డు స్లాట్ నంబరు పైకి చదివించండి. రెండు ఛాసిస్‌లు పక్కపక్కనే ఉన్న గదిలో తప్పు పెట్టెలోంచి కార్డు లాగకుండా కాపాడేది ఇదే.
4. ప్రతి కేబుల్‌కూ రెండు చివర్లా లేబుల్ ఉందో లేదో చూసి, ఫోటో తీసి, అప్పుడు ఊడదీయండి.
5. కార్డును సాఫ్ట్‌వేర్ నుంచి ఆపండి. నెక్సస్‌లో "పవర్‌ఆఫ్ మాడ్యూల్ 4", 6500లో "నో పవర్ ఎనేబుల్ మాడ్యూల్ 4".
6. మణికట్టు పట్టీ ఛాసిస్ ఈఎస్‌డీ జాక్‌కు (ఒంట్లోని స్థిర విద్యుత్తును నేలకు పంపే చోటుకు) తగిలించి, స్క్రూలు పూర్తిగా వదులు చేసి, రెండు ఎజెక్టర్ లీవర్లూ ఒకేసారి తెరవండి. కార్డు కింద ఒక చెయ్యి ఆసరాగా పెట్టి బయటకు తీయండి.
7. కొత్త కార్డు పెట్టే ముందు స్లాట్ లోపల టార్చి వేసి చూడండి. వంగిన పిన్ను కనిపిస్తే అక్కడితో ఆపండి. బలవంతంగా తోస్తే పోయేది కార్డు కాదు, మిడ్‌ప్లేన్. మిడ్‌ప్లేన్ పోతే ఛాసిస్ మొత్తం మార్చాలి.

ఒక కార్డు "ఓకే" స్థితికి వచ్చాకే రెండోది ముట్టుకోండి.

కొత్త కార్డు పెట్టాం, వెలగడం లేదు. ఎందుకు?

అన్నిటికంటే ముందు చూడాల్సింది పైన చెప్పిన ఐదో మెట్టే. "పవర్‌ఆఫ్" కమాండ్ కాన్ఫిగరేషన్‌లో ఉండిపోతుంది. పాత కార్డు కోసం ఇచ్చిన ఆజ్ఞ కొత్త కార్డుకూ వర్తిస్తుంది. "నో పవర్‌ఆఫ్ మాడ్యూల్ 4" ఇస్తే చాలు. కార్డు చచ్చిందనుకుని వాపసు పంపే ముందు ఇది చూడండి.

అది కాకపోతే "షో మాడ్యూల్"లో స్థితి చదవండి. పవర్ డినైడ్ అని ఉంటే పవర్ బడ్జెట్ (ఛాసిస్ ఇవ్వగల మొత్తం వాట్లు) చాలలేదు. కార్డును అసలు గుర్తించకపోతే, ఆ కార్డు రాకముందే విడుదలైన సాఫ్ట్‌వేర్ మీ సూపర్‌వైజర్‌లో ఉండొచ్చు. విడుదల పత్రంలో కనీస వెర్షన్ చూసుకోండి. స్థితి పదే పదే మారుతూ కార్డు రీబూట్ అవుతుంటే, లీవర్లు పూర్తిగా మూసుకోలేదేమో, స్క్రూలు బిగిశాయేమో చూడాలి. ఆ తర్వాతే అదే కార్డును ఇంకో ఖాళీ స్లాట్‌లో పరీక్షించండి. అక్కడ పనిచేస్తే లోపం స్లాట్‌ది, పనిచేయకపోతే కార్డుది.

పవర్ సప్లైలు ఎన్ని కావాలి?

నెక్సస్ 9508ను తీసుకుందాం. ఎనిమిది పవర్ సప్లై స్లాట్లు, ఒక్కో సప్లై 3000 వాట్లు. నాలుగు సప్లైలు పెడితే, అన్నీ కలిపి వాడే పద్ధతిలో 12000 వాట్లు దొరుకుతాయి. ఒకటి అదనంగా ఉంచుకునే పద్ధతిలో 9000. రెండు వేర్వేరు ఫీడ్లలో (కరెంటు వచ్చే దారుల్లో) ఒకటి పూర్తిగా పోయినా నిలబడే పద్ధతిలో 6000. ఉమ్మడి ఛాసిస్‌కు మూడోదే సరైనదని మా గట్టి అభిప్రాయం. ఒక అద్దెదారు తన భాగం యూపీఎస్ ఖర్చు తగ్గించుకుందామన్నా ఒప్పుకోకండి, ఎందుకంటే పవర్ అందరిదీ.

ఈ పద్ధతి పేరు నెక్సస్‌లో "ఇన్‌సోర్స్ రిడండెంట్". ఇక్కడే జనం మోసపోతారు. కేబుల్ ఏ పీడీయూలోకి (ర్యాక్‌లో కరెంటు పంచే సాకెట్ల స్ట్రిప్‌లోకి) వెళ్లిందో స్విచ్‌కు తెలియదు. 9508లో 1 నుంచి 4 స్లాట్లు ఒక ఫీడ్, 5 నుంచి 8 ఇంకో ఫీడ్ అని అది నమ్ముతుంది, అంతే. నాలుగే సప్లైలు కొన్నారనుకోండి, వాటిని 1, 2, 5, 6 స్లాట్లలో పెట్టాలి. వరుసగా 1, 2, 3, 4లో పెడితే, వెనక మీరెంత జాగ్రత్తగా రెండు యూపీఎస్‌లకు పంచినా స్విచ్ లెక్కలో రెండో ఫీడ్ లేనట్టే.

క్యాటలిస్ట్ 9400లో అయితే 9404ఆర్‌కు నాలుగు సప్లైలు, 9407ఆర్, 9410ఆర్‌లకు ఎనిమిదేసి పడతాయి. పవర్ చాలకపోతే ఏ కార్డు ముందు ఆగాలో "పవర్ సప్లై ఆటోఎల్‌సీ ప్రయారిటీ" కమాండ్‌తో మీరే చెప్పొచ్చు. ఉమ్మడి ఛాసిస్‌లో ఈ వరుస సాంకేతిక నిర్ణయం మాత్రమే కాదు. ఎవరి కార్డు ముందు చీకటి కావాలో అద్దెదార్లందరితో మాట్లాడి, రాతపూర్వకంగా ఒప్పించుకుని పెట్టండి.

రెండు ఫీడ్లూ వేర్వేరే. అయినా ఒక యూపీఎస్ ఆపగానే ఛాసిస్ మొత్తం పడిపోయింది. ఎలా?

ఇది లెక్క తప్పు. ఛాసిస్ 4200 వాట్లు తీసుకుంటోందనుకుందాం, నాలుగు సప్లైలు. మామూలు రోజుల్లో ఒక్కోదాని మీద 1050 వాట్లు. సప్లై లోపలి నష్టం పదో వంతుగా వేసుకుంటే, 230 వోల్టుల దగ్గర ఒక్కో కేబుల్‌లో దాదాపు 5 ఆంపియర్లు. ఒక ఫీడ్‌కు చెందిన రెండు కేబుళ్లూ ఒకే 16 ఆంపియర్ల స్ట్రిప్‌లో గుచ్చారు. మీటరు 10 చూపిస్తుంది. ఎవరు చూసినా బాగానే ఉందంటారు.

ఇప్పుడు ఒక యూపీఎస్ ఆగింది. మిగిలిన రెండు సప్లైల మీద చెరో 2100 వాట్లు పడ్డాయి. ఒక్కో కేబుల్‌లో 10, స్ట్రిప్‌లో 20 ఆంపియర్లు. ఎంసీబీ (లోడు మించితే కరెంటు ఆపే స్విచ్) వెంటనే కొట్టెయ్యకపోవచ్చు, వేడెక్కి కొంతసేపటికి కొట్టెయ్యొచ్చు. అప్పటికి "ఫెయిలోవర్ బాగా పనిచేసింది" అని అందరూ ఊపిరి పీల్చుకుని ఉంటారు.

కాబట్టి ఏ సర్క్యూట్‌నైనా మామూలు లోడు కాక, రెండో ఫీడ్ పోయాక పడే లోడుకు కొలవాలి. ఈ ఉదాహరణలో ఒక్కో ఫీడ్‌కు 32 ఆంపియర్ల పీడీయూ కావాలి, లేదా ఒక్కో సప్లైకి విడిగా 16 ఆంపియర్ల సర్క్యూట్ లాగాలి. యూపీఎస్ పరీక్ష ఐదు నిమిషాల్లో ముగించకుండా కనీసం అరగంట నడపండి. ఒక్క ఫీడ్ మీదే నిలబెట్టి, మీటరు చూస్తూ, ఎంసీబీ దగ్గర వేడి గమనిస్తూ.

ఏ కేబుల్, ఏ ప్లగ్గు?

3000 వాట్ల ఏసీ సప్లైకి సీ20 ఇన్‌లెట్ ఉంటుంది, దానికి సీ19 కేబుల్. కంప్యూటర్‌కు వాడే మామూలు సీ13 కేబుల్ పట్టదు. పీడీయూ వైపు కూడా సీ19 సాకెట్లు ఎంచుకోండి. గోడ సాకెట్‌లోకి వెళ్లక తప్పని చోట 16 ఆంపియర్ల పెద్ద పిన్ను ప్లగ్గే వాడాలి. 6 ఆంపియర్ల బోర్డులోకి కన్వర్టర్ పెట్టి గుచ్చడం నిప్పుతో చెలగాటం. ఎర్తింగ్‌ను కేబుల్‌లోని మూడో పిన్నుకే వదిలెయ్యకుండా, ఛాసిస్ గ్రౌండ్ బోల్టు నుంచి విడిగా రాగి తీగ లాగించండి.

గదికి ఎన్ని టన్నుల ఏసీ?

స్విచ్ తిన్న ప్రతి వాటూ వేడిగానే బయటికొస్తుంది. ఒక వాటు అంటే గంటకు 3.412 బీటీయూ, ఒక టన్ను అంటే గంటకు 12000 బీటీయూ. 4200 వాట్ల ఛాసిస్‌కు దాదాపు 14330 బీటీయూ, అంటే సుమారు 1.2 టన్నులు. పవర్ సప్లైల లోపలి నష్టం, యూపీఎస్ కూడా అదే గదిలో ఉంటే దాని నష్టం, మిగతా పెట్టెలన్నీ కలపండి, పీఓఈ (నెట్‌వర్క్ కేబుల్ ద్వారానే పరికరాలకు ఇచ్చే కరెంటు) మాత్రం కలపొద్దు. పీఓఈ వాట్లలో ఎక్కువ భాగం ఫోన్ల దగ్గర, కెమెరాల దగ్గర ఖర్చవుతుంది, మీ గదిలో కాదు.

లెక్కలో 1.2 వచ్చిందని ఒక్క ఒకటిన్నర టన్నుల స్ప్లిట్ ఏసీతో సరిపెట్టకండి. రోహిణి కార్తె ఎండలో డాబా మీద కాలుతున్న అవుట్‌డోర్ యూనిట్ పేరులో ఉన్నంత చల్లదనం ఇవ్వదు. రెండు పెట్టి, టైమర్‌తో మార్చి మార్చి నడిపి, ఒకటి ఆగితే రెండోది తనంతట లేచేలా చెయ్యాలి. కరెంటు పోయి జనరేటర్ వచ్చాక ఏసీ తిరిగి దానంతట అదే ఆన్ అవుతుందా? స్విచ్‌కు యూపీఎస్ ఉంది, ఏసీకి ఉండదు. శనివారం రాత్రి ఈ తేడా తెలియకపోతే ఆదివారం పొద్దుటికి ఛాసిస్ వేడికి ఆగిపోయి కనిపిస్తుంది.

ఫ్యాన్ ట్రే, ఫ్యాబ్రిక్ మాడ్యూల్ మార్చేటప్పుడు?

కొత్త ట్రే పెట్టె విప్పి, చేతికి అందేలా పెట్టుకున్నాకే పాతది లాగండి. ట్రే లేకుండా ఛాసిస్ ఎన్ని నిమిషాలు ఓర్చుకుంటుందో మోడల్‌ను బట్టి మారుతుంది. మీ మాన్యువల్‌లో ఆ గడువు చదివి స్లాట్ పట్టిక మీదే రాసిపెట్టండి.

నెక్సస్ 9500 వరుసలో ఫ్యాబ్రిక్ మాడ్యూళ్లు ఫ్యాన్ ట్రేల వెనక దాక్కుని ఉంటాయి. మూడు ట్రేలు, ఒక్కో ట్రే వెనక రెండు ఫ్యాబ్రిక్ స్లాట్లు. 9508లో ఇవి 21 నుంచి 26 వరకు. ఒక్క ఫ్యాబ్రిక్ మార్చాలన్నా ముందు ట్రే తీయాలి, అప్పుడు దాని వెనక ఉన్న రెండూ చల్లదనం కోల్పోతాయి. అందుకే ట్రే తీసే ముందు ఆ రెంటినీ పవర్‌ఆఫ్ చెయ్యాలి. అంటే పని జరిగినంతసేపు ఛాసిస్ రెండు ఫ్యాబ్రిక్‌లు తక్కువతో నడుస్తుంది. మధ్యాహ్నం పూట, బ్యాకప్‌లు నడిచే వేళ ఈ పని పెట్టుకోకండి. ఒకేసారి రెండు ట్రేలు ఎప్పుడూ తీయొద్దు.

గాలి దారి గురించి ఏం చూడాలి?

నెక్సస్ 7010 ముందు నుంచి వెనక్కి ఊదుతుంది. 7009, 7018, క్యాటలిస్ట్ 9400 పక్క నుంచి పక్కకు. పక్కకు ఊదేవాటిని ఆనుకుని ఇంకో ర్యాక్ పెడితే ఒకదాని వేడి గాలి ఇంకోదానికి ఊపిరి అవుతుంది. ఖాళీ స్లాట్లకు బ్లాంక్ ప్లేట్లు తప్పనిసరి. ప్లేట్ లేని స్లాట్ నుంచి గాలి తప్పించుకుని, దాని పక్క కార్డు ఎక్కువ వేడెక్కుతుంది. కోకాపేట, నానక్‌రాంగూడ చుట్టూ నిర్మాణాల దుమ్ము తక్కువేమీ కాదు. అక్కడి గదుల్లో ఎయిర్ ఫిల్టర్‌ను నెలకోసారి తీసి చూడండి.

రెండో సూపర్‌వైజర్ పెడితే సరిపోతుందా?

పెట్టడం సగం పని. రెండూ ఒకే మోడల్ కావాలి. క్యాటలిస్ట్ 9400లో సూపర్‌వైజర్ 1, 1ఎక్స్‌ఎల్ కలిపి నడవవు. సాఫ్ట్‌వేర్ వెర్షన్ కూడా ఒకటే ఉండాలి. రెండోది క్యాటలిస్ట్ "షో రిడండెన్సీ"లో స్టాండ్‌బై హాట్ అని, నెక్సస్ "షో సిస్టమ్ రిడండెన్సీ స్టేటస్"లో హెచ్‌ఏ స్టాండ్‌బై అని కనిపించాకే దాన్ని నమ్మాలి.

చాలామంది మరిచిపోయేది మేనేజ్‌మెంట్ కేబుల్. నెక్సస్‌లో మేనేజ్‌మెంట్ ఐపీ ఎప్పుడూ యాక్టివ్ సూపర్‌వైజర్ వెంట వెళ్తుంది. రెండో సూపర్‌వైజర్ మేనేజ్‌మెంట్ పోర్టుకు కేబుల్ లేకపోతే, స్విచోవర్ (పని రెండో సూపర్‌వైజర్‌కు మారడం) జరిగిన క్షణం ట్రాఫిక్ నడుస్తూనే ఉంటుంది గానీ మీరు మాత్రం బయట ఉండిపోతారు. రెంటికీ మేనేజ్‌మెంట్ కేబుల్, రెంటికీ కన్సోల్ కేబుల్ పెట్టండి. ఆర్నెల్లకోసారి అనుమతి తీసుకున్న రాత్రి "సిస్టమ్ స్విచోవర్" ఇచ్చి చూడండి. క్యాటలిస్ట్‌లో ఇదే "రిడండెన్సీ ఫోర్స్ స్విచోవర్".

నెక్సస్ 7000లో అద్దెదారుకో వీడీసీ ఇచ్చాం. ఇక ఎవరి గొడవ వాళ్లదేనా?

కాదు. వీడీసీ కాన్ఫిగరేషన్‌ను, ప్రాసెస్‌లను విడదీస్తుంది. ఇనుమును విడదీయదు. నాలుగు చోట్ల జాగ్రత్త పడాలి.

మొదటిది పోర్టుల గుంపు. 32 పోర్టుల 10 గిగాబిట్ ఎం132 కార్డులో పోర్టులు నాలుగేసి గుంపులుగానే వీడీసీలకు వెళ్తాయి. ఎఫ్132 కార్డులో రెండేసి. అద్దెదారు ఒకటి అడిగినా గుంపంతా ఇవ్వాలి. ధర మాట్లాడుకునేటప్పుడే ఇది చెప్పెయ్యడం మంచిది.

రెండోది, పోర్టును ఒక వీడీసీ నుంచి ఇంకోదానికి మార్చితే దాని మీదున్న కాన్ఫిగరేషన్ అంతా చెరిగిపోతుంది. స్విచ్ హెచ్చరిస్తుంది, కానీ అలవాటుగా "వై" నొక్కే చేతులు ఆ హెచ్చరిక చదవవు.

మూడోది అన్నిటికంటే ప్రమాదకరం. రెండు సూపర్‌వైజర్లున్న పెట్టెలో, ఒక వీడీసీ కోలుకోలేనంతగా దెబ్బతింటే ఏం చెయ్యాలన్న హెచ్‌ఏ పాలసీ మొదట్లో "స్విచోవర్" అని ఉంటుంది. అంటే ఒక అద్దెదారు వీడీసీలో ప్రాసెస్ కూలితే ఛాసిస్ మొత్తానికి సూపర్‌వైజర్ మారుతుంది. అద్దెదార్ల వీడీసీలకు "హెచ్‌ఏ పాలసీ డ్యుయల్ సప్ రీస్టార్ట్" అని మార్చండి. అప్పుడు ఆ వీడీసీ ఒక్కటే తిరిగి లేస్తుంది.

నాలుగోది రూట్ల పట్టిక. ఒక కార్డు మీద ఎన్ని వీడీసీల పోర్టులుంటే అన్నింటి రూట్లూ ఆ కార్డు టీక్యామ్‌లోకి (రూట్లు వెతికే మెమరీలోకి) ఎక్కుతాయి. మామూలు ఎం1 కార్డుకు ఆ చోటు 1,28,000 ఎంట్రీలు. అందుకని వీలైనంత వరకు కార్డుకు ఒక్క అద్దెదారునే పెట్టండి. పోర్టులు కొన్ని వృథా అయినా, కార్డు మార్చాల్సి వచ్చిన రోజు ఒక్కరి అనుమతి చాలు.

అద్దెదారు తన కార్డును తానే రీలోడ్ చేసుకుంటానంటే?

ఇవ్వొద్దు. కార్డు ఆపడం, ఈపీఎల్‌డీ (కార్డు మీది ప్రోగ్రామబుల్ చిప్) అప్‌గ్రేడ్, పవర్ పద్ధతి మార్చడం డిఫాల్ట్ లేదా అడ్మిన్ వీడీసీ (ఛాసిస్ మొత్తాన్ని నడిపే వీడీసీ) నుంచే జరగాలి, ఆ పాస్‌వర్డ్ భవనం బృందం దగ్గరే ఉండాలి. ఈపీఎల్‌డీ అప్‌గ్రేడ్‌లో కార్డు పూర్తిగా ఆగి లేస్తుంది కాబట్టి దాన్ని కూడా కార్డు మార్పిడిగానే లెక్కించి ముందస్తు కబురు పంపండి.

ఆప్టిక్ మాడ్యూళ్లు ఎవరివి?

అంటే ఫైబర్ కేబుల్ కోసం పోర్టులో గుచ్చే ముక్కలు. ఎవరివో ఒప్పందంలో రాసుకోండి. పోర్టులో లింక్ రాకపోతే తగువు మొదలయ్యేది ఇక్కడే. "షో ఇంటర్‌ఫేస్ ట్రాన్సీవర్ డీటెయిల్స్"లో అందుతున్న కాంతి చూడండి. 10 గిగాబిట్ ఎల్‌ఆర్ (దూరపు లింకులకు వాడే రకం) మాడ్యూల్‌కు కింది హద్దు మైనస్ 14.4 డీబీఎం (కాంతి శక్తి కొలత). మైనస్ 13 చూపిస్తే ఇవాళ నడుస్తుంది, కనెక్టర్ మీద కాస్త దుమ్ము చేరితే ఆగుతుంది. ముందు క్లీనర్‌తో రెండు చివరలూ తుడిచి మళ్లీ కొలవండి, ఆ తర్వాతే మాడ్యూల్ మార్చండి.

ఈఎస్‌డీ, తేమ విషయంలో మన ఊళ్లో ప్రత్యేకంగా ఏమైనా?

ఏప్రిల్, మే మధ్యాహ్నాల్లో గాలి బాగా ఎండిపోతుంది. కార్పెట్ మీద నాలుగడుగులు నడిచి కార్డు ముట్టుకుంటే చిప్ పోవచ్చు. అప్పుడే పోకుండా రెండు నెలలకు పోతే కారణం ఎవరికీ దొరకదు. ఒక మెగాఓం రెసిస్టర్ ఉన్న మణికట్టు పట్టీ వాడండి. సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గరి సీటీసీలోనో కోఠి గుజరాతీ గల్లీలోనో అడగొచ్చు. కొన్నాక మల్టీమీటర్‌తో కొలిచి చూసుకోండి.

వానాకాలం చిక్కు వేరు. బాగా చల్లని స్టోర్ గదిలో ఉన్న కార్డును ముసురు పట్టిన వరండాలో విప్పితే దాని మీద తేమ పేరుకుంటుంది. సంచి విప్పకుండానే ఉంచి, కార్డు చుట్టూ ఉన్న వేడికి అలవాటు పడ్డాక తెరవండి.

పాడైన కార్డు, పాత సూపర్‌వైజర్ ఏం చెయ్యాలి?

సూపర్‌వైజర్ బూట్‌ఫ్లాష్‌లో (లోపలి మెమరీలో) అద్దెదార్లందరి కాన్ఫిగరేషన్, పాస్‌వర్డ్ హ్యాష్‌లు ఉంటాయి. వాపసు పంపే ముందు చెరిపెయ్యండి. చెరపడానికి వీల్లేనంతగా చచ్చిపోతే, అద్దెదార్లకు చెప్పి పాస్‌వర్డ్‌లన్నీ మార్చండి. తుక్కులోకి వెళ్లేవాటిని పాత సామాన్లు కొనేవాళ్లకు ఇవ్వకూడదు. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిర్వహణ నియమాల ప్రకారం రిజిస్టరైన ఉత్పత్తిదారు, రీఫర్బిషర్ లేదా రీసైక్లర్‌కే అప్పగించి, రసీదును సీరియల్ నంబర్లతో సహా స్లాట్ పట్టిక ఫైల్‌లో పెట్టండి.